పాకలో జీపుకి న్యాయమైన ధర ఎంత?



ఈ పూట పాత జీపులకు ధర కట్టడం గురించి మాట్లాడుకుందాం. రంగులేసి, మెరుగులు దిద్ది, పెళ్లి ఊరేగింపులకు తిప్పే జీపుల సంగతి పక్కన పెడదాం. కె.గంగవరం మండలంలోనూ, ద్రాక్షారామం చుట్టుపక్కల పల్లెల్లోనూ, గౌతమి గోదావరి అవతల ముక్తేశ్వరం వైపునా పెద్దల నాటి లోగిళ్ల వెనక పాకల్లో, మూతపడ్డ రైసుమిల్లుల షెడ్లలో ఇంకా అక్కడక్కడా కొన్ని జీపులు నిలబడి ఉన్నాయి. టైర్లలో గాలి ఉండదు. బానెట్ మీద కొబ్బరి మట్టలు పడి ఉంటాయి. సీట్లు ఎలుకలు కొరికేసి ఉంటాయి. ఎవరూ బాగుచేయించలేదు, బాగుచేయిస్తామని చెప్పి పాడుచేయనూ లేదు. నేను మాట్లాడేది అలాంటి జీపుల గురించి.

ఇలాంటి బండికి ఊళ్లో రెండు ధరలు వినిపిస్తాయి. ఇంటివాళ్లు అయిదు లక్షలంటారు. ఎక్కడో బాగుచేసిన జీపు ఆ ధర పలికిందని ఫోన్లో చూసి ఉంటారు. తుక్కు కొనే అతను వచ్చి ముప్పై వేలంటాడు. ఈ రెండూ ఆ జీపు ధరలు కావు. మొదటిది వేరే జీపు ధర, రెండోది ఇనుము ధర. న్యాయమైన ధర ఈ రెంటి మధ్యా ఎక్కడో ఉంది. దాన్ని ఊహించి చెప్పక్కర్లేదు, కూర్చుని లెక్క కట్టవచ్చు.

ముందుగా ఆ జీపు ఏ రకమో తెలియాలి. మనవైపు పాత జీపు కనిపిస్తే చాలు, విల్లీస్ అనో మిలటరీ జీపు అనో అనేస్తారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు రెండూ కలిపి దాదాపు 6 లక్షల 40 వేల జీపులు తయారుచేశాయి. అసలైన మిలటరీ విల్లీస్ అంటే అవి. యుద్ధం అయ్యాక కొన్ని మన దేశంలో మిగిలిపోయి, వేలంపాటల్లో జనం చేతికి వచ్చాయి. 1945లో మహీంద్రా అండ్ మహమ్మద్ పేరుతో ఉక్కు వ్యాపారంగా మొదలై, 1948లో మహీంద్రా అండ్ మహీంద్రాగా పేరు మార్చుకున్న సంస్థ, 1949లో బొంబాయి మజగావ్‌లో విడిభాగాలు తెప్పించి జీపులు బిగించడం మొదలుపెట్టింది. సీజే-3బీ అనే రకం అమెరికాలో 1953 నుంచి 1968 దాకా తయారైంది. మన దేశంలో మాత్రం ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు వచ్చింది. బ్లాకు ఆఫీసుల్లో, సమితి ప్రెసిడెంట్ల ఇళ్ల ముందు, ఇరిగేషన్ వాళ్ల దగ్గర మన పెద్దలు చూసిన జీపులు ఎక్కువగా ఈ జాతివే. ఆ తర్వాత ఎంఎం 540, మేజర్ లాంటివి వచ్చాయి.

గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. ముందు జాలీలో నిలువు కంతలు లెక్కపెట్టండి. మొట్టమొదట్లో చేసిన కొన్నింటిని వదిలేస్తే, యుద్ధకాలపు జీపుకి తొమ్మిది ఉంటాయి. ఆ తర్వాత జనం కోసం చేసినవాటికి ఏడు. యుద్ధకాలపు దానికి వెనక దించే తలుపు ఉండదు, స్పేరు చక్రం అక్కడే తగిలించి ఉంటుంది. సీజే-3బీకి బానెట్ బాగా ఎత్తు. అందులో పెట్టిన హరికేన్ ఇంజనుకి ఇన్‌టేక్ వాల్వులు పైన ఉంటాయి. దాంతో ఇంజను పొడుగైంది, బానెట్ లేపాల్సి వచ్చింది. నిజంగా యుద్ధకాలపు జీపే దొరికితే దాని లెక్క వేరు, దాన్ని కోరుకునేవాళ్లు దేశమంతా ఉన్నారు. అయితే "ఇది మిలటరీదండీ" అన్న మాటకి డబ్బివ్వకండి. ఛాసిస్ ప్లేటు మీద నంబరుకి ఇవ్వండి.

ఇక ధర కట్టడానికి నేను నమ్మే సూత్రం ఒక్కటే. దుకాణంలో దొరికే వస్తువుకి పాత బండిలో పెద్దగా విలువ లేదు. డబ్బు పెట్టినా దొరకనిదానికే విలువ. మన దేశంలో జీపులు అన్నేళ్లపాటు తయారయ్యాయి కాబట్టి పిస్టన్లు, బేరింగులు, కమాను పట్టీలు, బ్రేకు సామాను, గేర్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి. అదే రకం ఇంజనైతే ఇంజనుకి ఇంజనే మార్చేయవచ్చు. దొరకనివి మూడు: సరైన కాగితాలు, నంబరు చెక్కుచెదరని ఛాసిస్, కంపెనీలో పుట్టిన నాటి రేకు. కొనడానికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది ముందు బానెట్ ఎత్తి ఇంజను చూస్తారు, తర్వాత టైర్లు చూస్తారు, బయానా ఇచ్చేటప్పుడు సీ బుక్కు, అంటే రిజిస్ట్రేషన్ పుస్తకం, అడుగుతారు. ఈ వరస తిరగేయాలి.

కాగితాల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఎక్కువ బేరాలు చెడేది ఇక్కడే. సీ బుక్కు ఎవరి పేరున ఉంది? చాలాసార్లు తాతగారి పేరునే ఉంటుంది. ఆయన పోయి ఇరవై ఏళ్లయినా పేరు మార్చి ఉండరు. యజమాని పోయిన మూడు నెలల్లోగా వారసులు 31వ ఫారం పెట్టి తమ పేరుకి మార్చుకోవాలని నియమం ఉంది. అప్పుడు చేయకపోతే ఇప్పుడు ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కావాలి, వారసులందరి ఒప్పుదలా కావాలి. ఒక కొడుకు హైదరాబాద్‌లో, ఇంకొకరు అమెరికాలో ఉంటే ఆ సంతకాలు పోగయ్యేసరికి ఎన్ని నెలలు పడుతుందో చెప్పలేం. ఆ తిప్పలకి కూడా ధర ఉంది. ఆ పని అమ్మేవాళ్లు ముందే పూర్తిచేసి ఉంచితే జీపు ధర న్యాయంగానే పెరుగుతుంది.

సొంత బండికి రిజిస్ట్రేషన్ మొదట 15 ఏళ్లు చెల్లుతుంది. తర్వాత అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. 20 ఏళ్లు దాటిన కారు, జీపులకు ఈ ఫీజును 2025 ఆగస్టులో కేంద్రం 10 వేల రూపాయలు చేసింది. గడువు దాటితే నెలకు 500 రూపాయల చొప్పున అదనపు రుసుం ఉంది. పదేళ్ల ఆలస్యానికి అలా లెక్కేస్తే 60 వేలు. ఎంత బాకీ ఉందో, హరిత పన్ను ఏమైనా ఉందో ఆర్టీవో ఆఫీసులో అడిగి, ఆ అంకె కాగితం మీద రాసుకోకుండా ఎవరూ ధర మాట్లాడకూడదు. అసలు ఆ నంబరు ఆన్‌లైన్‌లోకి ఎక్కిందో లేదో ఎం-పరివాహన్ యాప్‌లో చూస్తే తెలుస్తుంది. ఎక్కి ఉండకపోతే పాత రిజిస్టర్లు తిరగేయించాలి.

తర్వాత ఛాసిస్ నంబరు. తుప్పుని కిరసనాయిలు గుడ్డతో మెల్లగా తుడవండి, గరుకు కాగితం పెట్టి గీకకండి. శుభ్రమయ్యాక పల్చటి తెల్ల కాగితం దానిమీద పరిచి, మెత్తటి పెన్సిలు అడ్డంగా రుద్దితే అంకెలు కాగితం మీదకి దిగుతాయి. బ్రేకిన్‌స్పెక్టర్లు తీసే అచ్చు ఇదే. ఒక అంకె మిగతావాటికన్నా లోతుగా ఉన్నా, వరస తప్పినా, చుట్టూ గ్రైండరు పెట్టిన గీతలున్నా ఆ జీపు ఎంత ముచ్చటగా ఉన్నా వదిలేయండి. ఇంజను ఏ ఇంధనంతో నడుస్తుందో కూడా చూడండి. పెట్రోలు ఖర్చు భరించలేక చాలామంది హరికేన్ ఇంజను తీసేసి డీజిల్ ఇంజను పెట్టించారు. బుక్కులో ఇంకా పెట్రోలు అనే ఉంటే అది తీరని చిక్కు. కంపెనీ చేసిన తీరుకి భిన్నంగా మార్చిన వాహనాలను రిజిస్టర్ చేయడానికి వీల్లేదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది.

ఇంకో మాట. "ఇది ఫలానా ఆఫీసు జీపండీ, మొన్ననే వేలంలో తెచ్చాం" అంటే జాగ్రత్తపడండి. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి కొనసాగించడం లేదు. అవి తుక్కు కేంద్రాలకు వెళ్లాల్సినవి. అంతకు ముందు ఎప్పుడో వేలంలో కొని, సొంత పేరుకి మార్పించుకున్న జీపుకి ఈ ఇబ్బంది లేదు.

కాగితాలు లేని జీపుని నేను వాహనంగా లెక్కించను. అది సామాను. ఇనుము ధరకి, పనికొచ్చే విడిభాగాల ధర కలిపితే ఎంతవుతుందో అంతే దాని విలువ.

ఇప్పుడు బండి కిందకి దూరదాం. మన నేలలో జీపుకి మొదటి శత్రువు తేమ. సముద్రం దూరం కాదు, గాలిలో చెమ్మ ఉంటుంది. పాకలో మట్టి నేల మీద నిలబెట్టిన బండికి పైన ఎండు కమ్మలు కప్పినా లాభం ఉండదు, కింద నుంచి తడి పీల్చుకుంటూనే ఉంటుంది. రెండో శత్రువు మనం స్వయంగా తెచ్చిపెట్టేది. నడవని జీపు వెనక భాగం యూరియా, సూపర్ ఫాస్ఫేటు బస్తాలు దాచుకోవడానికి అనువుగా కనిపిస్తుంది. బస్తా చిరిగి నాలుగు గింజలు రాలితే చాలు, చెమ్మ తగిలి ఆ ఎరువే రేకుని తినేస్తుంది. కాబట్టి వెనక ఫ్లోరు మీద ఏమున్నా తీయించి చూడండి. స్క్రూడ్రైవరు మొనతో నొక్కండి. గట్టి రేకు మొనని ఆపుతుంది. కుళ్లిన రేకు పొరలు పొరలుగా లేచి మొనని లోపలికి పోనిస్తుంది. డ్రైవరు పాదాల కింద, వెనక చక్రాల పైన, ఫ్లోరు కింద అడ్డంగా పోయే బద్దెల దగ్గర ముందుగా చూడాలి. ఫ్లోరు పోతే కొత్తది కొట్టించవచ్చు. కమాను పట్టీలు ఛాసిస్‌కి బిగిసే చోట తుప్పు తిని ఉంటే అది వేరే ప్రమాదం. చిన్న సుత్తితో పొడుగునా తట్టుకుంటూ పోండి. మంచి ఇనుము ఖంగుమంటుంది. మోగడం మానేసిన చోట సుద్దముక్కతో గీత గీయండి.

మూడో శత్రువు వరద. 1986 ఆగస్టు గోదావరి వరద, 1996 నవంబరు 6 తుపాను, 2022 జులై వరద ఈ ప్రాంతం మరిచిపోలేనివి. ఆ రోజుల్లో జీపు ఎక్కడుంది, నీళ్లు ఎంతవరకు వచ్చాయి అని ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. వాళ్లు గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. తర్వాత హెడ్‌లైటు విప్పి వెనక వేలు పెట్టి చూడండి. డాష్‌బోర్డు లోపలి అంచుల్లో, ఛాసిస్ లోపల సన్నటి ఒండ్రు పేరుకుని ఉంటే బండి మునిగిందన్నమాటే. గేరుబాక్సు కింద బోల్టు కాస్త వదులు చేయండి. ముందు నీళ్లు కారినా, ఆయిలు మజ్జిగలా తెల్లగా దిగినా లోపల బేరింగులు పోయాయని లెక్కలో రాసుకోండి. మునిగిన జీపు కొనకూడదని నేననను. మునగని జీపు ధరకి కొనకూడదంటాను.

ఇంజను దగ్గర ఎక్కువసేపు అక్కర్లేదు. ప్లగ్గులు విప్పి సిలిండర్లలో కాస్త ఆయిలు పోసి ఓ రాత్రి వదిలేసి, పొద్దున్న హ్యాండిలు పెట్టి తిప్పండి. తిరిగితే అదృష్టం. తిరక్కపోతే బోరు పని మొత్తం ఖర్చులో వేసుకోండి. కొనేవాళ్లొస్తున్నారని అమ్మేవాళ్లు ట్రాక్టరుకి కట్టి లాగించి స్టార్ట్ చేయించకూడదు. ఏళ్ల తరబడి ఆగిన ఇంజనుని అలా లాగితే ఉన్న రింగులు కూడా విరుగుతాయి.

రేకు విషయంలో ఓ సంగతి చెప్పాలి. హర్యానాలోని మండీ డబ్వాలీ జీపుల తయారీకి పేరుపడ్డ ఊరు. అక్కడ కొత్త రేకుతో జీపు మొత్తం కట్టేస్తారు. అలా కట్టిన బాడీకి ఎక్కడిదో పాత బుక్కు జతచేసి పాత జీపుగా అమ్మేవాళ్లు ఉన్నారు. బాగుచేయని జీపు గొప్పతనం ఇక్కడే బయటపడుతుంది. దాని తుప్పు దాచుకోదు. సీటు కింద పెట్టె లోపల, డాష్‌బోర్డు వెనక కంపెనీ వేసిన తొలి రంగు కనిపిస్తుంది. పై రంగు పొరలు రాలిన చోట ఏదో శాఖ పేరు తాలూకు అక్షరాలు కొన్నిసార్లు బయటపడతాయి. అమ్మకానికి ముందు లప్పం పూసి, ఆకుపచ్చ రంగు కొట్టించి తీసుకొచ్చిన జీపు కన్నా తుప్పుతో నిలబడ్డ జీపుకే నేను ఎక్కువ ఇస్తాను. ఒక అయస్కాంతం ముక్క జేబులో ఉంచుకోండి. లప్పం మందంగా ఉన్న చోట అది అంటుకోదు.

ఈ అసలు రూపానికి చట్టంలో కూడా విలువుంది. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు లేకుండా ఉన్న బండిని 2021 జులైలో వచ్చిన నియమాల ప్రకారం వింటేజ్ వాహనంగా రిజిస్టర్ చేయించుకోవచ్చు. ఫీజు 20 వేలు, పదేళ్లు చెల్లుతుంది, నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి. దాన్ని ప్రదర్శనలకు, ర్యాలీలకు తీసుకెళ్లొచ్చు గాని రోజూ పొలానికి తిప్పుకోవడానికి వీల్లేదు. రోజూ నడపాలనుకునేవారికి మామూలు రిజిస్ట్రేషనే దారి.

ఇక లెక్క. అంకెలు ఉదాహరణకి మాత్రమే, మీ ఊరి మెకానిక్ చెప్పినవి వేసుకోండి. అదే రకం జీపు, కాగితాలు సరిగ్గా ఉండి రోడ్డు మీద తిరుగుతున్నది, మీ ప్రాంతంలో 4 లక్షలకి చేతులు మారిందనుకుందాం. అడిగిన ధర తీసుకోకండి, ఇచ్చిన ధర తీసుకోండి. ఇప్పుడు మన పాకలో జీపుని ఆ స్థితికి తేవడానికి టింకరింగు, ఫ్లోరు, రంగు కలిపి 90 వేలు. ఇంజను, గేరుబాక్సు 70 వేలు. బ్రేకులు, స్టీరింగు, కమాన్లు 35 వేలు. అయిదు టైర్లు 30 వేలు. వైరింగు, బ్యాటరీ, సీట్లు, టాపు 35 వేలు. కాగితాలు, బండిని తోలుకొచ్చే ఖర్చు 30 వేలు. గౌతమి అవతలి ఒడ్డు నుంచి తెస్తుంటే కోటిపల్లి రేవులో పంటు ఎక్కించాలో, యానాం దగ్గర ఎదుర్లంక వంతెన మీదుగా లారీలో తేవాలో అది కూడా ఇందులోదే. అంతా కలిపితే 2 లక్షల 90 వేలు. నాలుగు లక్షల్లోంచి తీస్తే మిగిలింది లక్షా పది వేలు.

బండి విప్పాక ఖర్చు పెరగడం ఖాయం. దానికి నూటికి పదిహేను వంతున 43 వేల చిల్లర తీస్తే 67 వేలు వస్తుంది. కాబట్టి ధర 67 వేలకీ లక్షా పది వేలకీ మధ్య తేలాలి. ఎక్కడ తేలుతుందన్నది అమ్మేవాళ్లు ఎంతవరకు చూడనిచ్చారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఫ్లోరు మీద బస్తాలు తీయించి, బోల్టు విప్పనిచ్చి, నంబరు అచ్చు తీసుకోనిస్తే లోపల దాగిన అనుమానం తగ్గుతుంది, ధర లక్ష వైపుకి జరుగుతుంది. "తీసుకుంటే ఉన్నదున్నట్టు తీసుకోండి, తాకొద్దు" అంటే కిందకి దిగుతుంది. ఆ టన్ను ఇనుముకి తుక్కులో వచ్చేది కిలో ముప్పై చొప్పున 30 వేలే. ఈ లెక్క ప్రకారం ఇంటివాళ్లకి అంతకు రెండు రెట్లకు పైగా వస్తుంది. అయిదు లక్షలు మాత్రం రాదు. 2020 అక్టోబర్ 2న మహీంద్రా కొత్త థార్ విడుదలైనప్పుడు దాని మొదటి ధర 9 లక్షల 80 వేలు. నడవని జీపుకి అందులో సగం అడగడం న్యాయం కాదు.

బేరం ఎలా జరగాలో కూడా చెబుతాను. పక్క ఊరి కుర్రాడు వచ్చి అరుగు మీద కూర్చున్నాడనుకోండి.

"బాబాయిగారూ, జీపు అమ్ముతారని విన్నానండి."

"మా నాన్నగారు ముచ్చటపడి కొన్న బండిరా అబ్బాయ్. నువ్వే చెప్పు, ఎంతిస్తావో."

"ముందు పని ఎంతుందో మీ ఎదురుగానే రాస్తానండి. ఎక్కడ ఎక్కువేశాననిపిస్తే అక్కడ కొట్టేయండి. ఆఖరికి ఏది మిగిలితే అదే మాట్లాడుకుందామండి."

నాన్నగారి ముచ్చటని రూపాయల్లో కట్టలేం. ఆ నాటి పన్ను రసీదులు, ఇన్సూరెన్సు కాగితాలు, నంబరు ప్లేటు కనిపించే పాత ఫొటో ఇంట్లో ఉంటే మాత్రం వాటికి ధర ఇవ్వాలి, అవి బండి చరిత్రకి రుజువులు. కొనేవాళ్లకి ఇంకో ధర్మం ఉంది. అది యుద్ధకాలపు జీపని మీకు తెలిసి, అమ్ముతున్న పెద్దావిడకి తెలియకపోతే ఆవిడకి చెప్పాలి. చెప్పకుండా తుక్కు ధరకి తోలుకుపోతే దాన్ని బేరం అనరు, మోసం అంటారు.

పాకలో జీపు ఉన్నవారికి నా విన్నపం. అమ్మినా అమ్మకపోయినా వానలు ముదిరేలోగా ఎరువు బస్తాలు దింపించండి. నాలుగు చక్రాల కిందా ఇటుకలు పేర్చి బండిని నేల నుంచి లేపండి. ట్యాంకులో పాత పెట్రోలు తీయించండి. బీరువాలో సీ బుక్కు వెతికి, ఎవరి పేరున ఉందో చూడండి. అమ్మితే డబ్బు చేతికందిన రోజే 29, 30 ఫారాల మీద సంతకాలు పూర్తిచేయండి. అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో ఆర్టీవో ఆఫీసుకి తెలపాలి. అలా తెలపకపోతే రేపు ఆ జీపుకి ఏ ప్రమాదం జరిగినా బాధ్యత బుక్కులో పేరున్నవారి మీదే పడుతుంది.